విజయనగరం సంగీతం: కోట పెట్టిన భిక్షా, ఊరు పెట్టిన ముద్దా?

అయ్యకోనేరు గట్టు:
మొన్న మా ఊళ్ళో ఒక సభకు వెళ్ళాను. వక్త ఒకాయన మైకు పట్టుకుని "గజపతులే లేకపోతే విజయనగరంలో సంగీతమే లేదు" అని తేల్చేశారు. గజపతులంటే ఈ కోట రాజులు. హాలంతా చప్పట్లు. నాకు మాత్రం చేతులు కలవలేదు. అప్పట్నుంచి ఆ మాట మనసులో ముల్లులా గుచ్చుకుంటోంది, అందుకే ఇక్కడ పోస్టు పెట్టి అడుగుతున్నాను.

1919లో విజయరామ గజపతిరాజు గారు సంగీత కళాశాల పెట్టారు. కాదనను. కానీ పొరుగూళ్ళ నుంచి గుడ్డసంచీతో దిగిన కుర్రాళ్ళకి రెండుపూటలా అన్నం ఎవరు పెట్టారు? ఘంటసాల గారి సంగతే తీసుకోండి. ఎక్కడో కృష్ణా జిల్లా నుంచి చేతిలో కాసు లేకుండా వచ్చారు. జోలె భుజాన వేసుకుని ఇంటింటికీ మధూకరానికి తిరిగి చదువుకున్నారు. ఆ జోలెలో పడ్డ అన్నం కోట వంటశాలలోది కాదు, మామూలు సంసారుల పొయ్యి మీదిది.

మా నాయనమ్మ కాపరానికొచ్చిన నాటికి మా ఇంట్లో మంగళ, శుక్రవారాలు ఇద్దరు సంగీతం పిల్లలకి వారాలుండేవట, అంటే ఆ రోజుల్లో భోజనం మా ఇంట్లోనే. అందులో ఒకడు వీధరుగు మీద కూర్చుని, గచ్చు మీద వేళ్ళతో తాళం వేసుకుంటూ వర్ణం నెమరేసుకునేవాడట. పులుసు ఇంకా మరగలేదనుకోండి, "రెండో కాలం కూడా అందుకో నాయనా, ఈలోగా దింపేస్తాను" అనేదట ఆవిడ. ఆవిడకి రాగాల పేర్లు తెలియవు. అపస్వరం పడితే మాత్రం వంటింట్లోంచే తెలిసిపోయేదట. ఇది ఊరి సంగీతం కాదా?

కోటగుమ్మం:
గట్టు గారూ, మీ నాయనమ్మ గారికి దణ్ణం. అయితే ఒక మాట. ఆ కుర్రాడు మీ అరుగు దాకా ఎందుకొచ్చాడు? కళాశాల ఉంది కాబట్టి.

అది పుట్టిన తీరు మా ఇంట్లో పెద్దలు ఇలా చెప్పేవారు. కొలువులో ఉద్యోగం చేసే చాగంటి వారి అబ్బాయికి చూపు లేదు. సంగీతం నేర్పించడానికి మద్రాసు పంపుతామని ఆ తండ్రి సాయం అడిగాడు. రాజావారు ఒక్కడిని పంపి ఊరుకోవచ్చు. అలా కాకుండా, అందరికీ ఇక్కడే నేర్పిద్దామని ఏకంగా కళాశాలే తెరిచారు. మొదటి అధ్యక్షులుగా ఆదిభట్ల నారాయణదాసు గారిని కూర్చోబెట్టారు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు శిష్యుడిగా చేరదామని వస్తే, ఆయన ఫిడేలు విని అధ్యాపకుడిగానే వేశారు. అప్పటికి ఆయనకి పాతికేళ్ళు దాటి ఏడాది. ఆ నాయుడు గారే 1936లో అధ్యక్షులయ్యారు, 1941లో మద్రాసు సంగీత అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు.

అంతకు ముందు సంగీతం రావాలంటే గురువుగారింట ఏళ్ళ తరబడి నీళ్ళు మోయాలి. ఆయనకి దయ కలిగిన రోజునే పాఠం. నెలజీతం మీద పాఠం చెప్పే పంతులు, గంట కొడితే మొదలయ్యే తరగతి, చివర పట్టా, ఇవన్నీ వీధరుగులు ఇవ్వగలిగినవా?

శిస్తు లెక్క:
ఆ జీతాల డబ్బు ఎక్కడిదండీ? మద్రాసు రాజధానిలోని పెద్ద జమీందారీల్లో మనదొకటి. 1948 చట్టంతో జమీందారీలు రద్దయ్యే దాకా శిస్తు కట్టింది పొలంలో దిగినవాడు. వాడు గాత్రం వినలేదు, ఫిడేలు చూడలేదు. దాత పేరు రాసేటప్పుడు వాడికీ ఒక వరస ఉండాలని నా మనవి. ఇంతకు మించి నాకు వాదన లేదు.

జముకుల చప్పుడు:
వాడు గాత్రం వినలేదన్నారు, అక్కడే నాకు అభ్యంతరం. శాస్త్రీయం వినకపోవచ్చు. గుండెకి తప్పెట కట్టుకుని ఆడుతూ పాడే తప్పెటగుళ్ళు వేసింది ఎవరు? జముకు వాయిస్తూ చెప్పే జముకుల కథ రాత్రంతా కూర్చుని విన్నది ఎవరు? మీరంతా సంగీతం అంటే కళాశాల గోడల మధ్యదే అనుకుని మాట్లాడుతున్నారు.

ఇంకోటి చూడండి. ఈ కోట గురించి తెలుగునాట ఎక్కువ మంది నోట నానిన పాట ఏది? బొబ్బిలి కథ. 1757 జనవరిలో ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగుల అండతో విజయనగరం రాజు బొబ్బిలి కోట మీద పడ్డాడు, కోట కూలింది. తరవాత తాండ్ర పాపారాయుడు రాత్రివేళ గుడారంలోకి దూరి ఆ రాజునే చంపాడు. గెలిచిన వాళ్ళ వైపు ఆస్థాన కవులున్నారు, ధనముంది. అయినా ఊరూరా తంబురా, గుమ్మెటలతో జంగాలు పాడింది ఓడినవాళ్ళ కథ. విజయనగరం సంతల్లో కూడా జనం ఆ కథే విని కళ్ళు తుడుచుకున్నారు. రాజు పెట్టిందే సంగీతమైతే, రాజుని చంపిన కథ బతికి ఉండేదా?

నారాయణదాసు గారు కూడా అజ్జాడ పల్లెటూరి మనిషే. మద్రాసు నుంచి వచ్చిన భాగవతారు ఒకాయన విజయనగరంలో చెప్పిన హరికథ విన్నాకే ఆయన చిడతలు పట్టారు. ఆ తరవాతే ఆస్థానమూ, ఉద్యోగమూ.

గజ్జెల మూట:
ఇంతసేపూ ఒక్కరైనా అంటారేమోనని చూశాను. రాజు, పంతులు, రైతు, జంగం, వారాలు పెట్టిన ఇల్లాలు అందరూ వచ్చారు. ఆటపాటలే వృత్తిగా బతికిన కలావంతుల ఆడవాళ్ళు రాలేదు.

కళాశాల రాకముందు తరతరాలుగా పదాలూ జావళులూ కంఠస్థంగా మోసుకొచ్చింది వాళ్ళు. పెళ్ళిళ్ళలో మేజువాణీలు, గుళ్ళో సేవ, కొలువులో కచేరీ వాళ్ళవే. 1892లో ఈ ఊళ్ళోనే మొదటిసారి ఆడిన 'కన్యాశుల్కం' నాటకంలో మధురవాణి అందరికంటే తెలివైనది. గురజాడ గారు ఆ పాత్రని గాల్లోంచి పుట్టించలేదు, ఈ వీధుల్లో చూసే రాశారని నా నమ్మకం. ఆ తరవాత ఉద్యమాలొచ్చాయి, 1947లో దేవదాసీ వ్యవస్థని రద్దు చేస్తూ చట్టమొచ్చింది. ఆ వ్యవస్థ పోవలసిందే, అందులో నాకు రెండో మాట లేదు. అయితే దానితోపాటు వాళ్ళ పాటని కూడా సిగ్గుపడవలసిన దాన్ని చేసి పక్కకి నెట్టేశాం.

దాసుగారు కాళ్ళకి గజ్జె కట్టి సభలో నిలబడితే హరికథా పితామహుడన్నాం, ఆయన అర్హులే. అదే గజ్జె కట్టిన ఆడమనిషి ఇంటిపేరు చెప్పుకోలేక ఊరు మారింది. మా అమ్మమ్మ తన గజ్జెల్ని పాత చీర పేలికలో చుట్టి బియ్యం డబ్బాలో అడుగున దాచింది. ఆవిడ పోయాక డబ్బా కడుగుతుంటే దొరికాయి. తోలు ఎండి బిగిసిపోయింది, మువ్వల్లో బియ్యపు నూక ఇరుక్కుంది. ఊపితే ఇంకా మోగాయి.

కోటగుమ్మం:
మీ మాట చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. ఇది నేను ఆలోచించని సంగతి, ఒప్పుకుంటున్నాను. మా వాదన మగవాళ్ళ పేర్ల చుట్టూనే తిరిగింది.

ఒక్కటి మాత్రం కళాశాల పక్షాన చెప్పనివ్వండి. పరువుగల ఇళ్ళలో ఆడపిల్ల పాడితే తప్పనుకునే కాలంలో, చదువు పేరుతో పాడే దారి చూపింది అదే. 1935లో ఇక్కడే పుట్టిన పి.సుశీల గారు వకీలు గారి అమ్మాయి. ఆ కళాశాలలో నేర్చుకుని మద్రాసు వెళ్ళారు. మీ అమ్మమ్మ గారికి మూసేసిన తలుపు ఈమెకి తెరుచుకుంది. అన్యాయం ఎంతో, ఆ తలుపు కూడా అంతే నిజం.

పనస మొద్దు:
మాది బొబ్బిలి దగ్గర గొల్లపల్లి. మీ కచేరీల్లో వాయించిన వీణల్లో మా వాళ్ళు చెక్కినవి ఎన్నో. ఏకండి వీణ అంటే కుండ నుంచి దండి దాకా ఒకే పనస మొద్దు, ఎక్కడా అతుకుండదు. మొద్దుని పిడికిలితో తట్టి, చెవి ఆనించి విని, ఇది పలుకుతుందా లేదా చెప్పేస్తారు పెద్దవాళ్ళు. ఎవరు గొప్ప అని మీరు తేల్చుకునేటప్పుడు ఉలి పట్టినవాణ్ణి కూడా గుర్తుంచుకోండి. అన్నట్టు, ఈ పని బొబ్బిలి సంస్థానం నీడలో పెరిగింది. కోటలు కత్తులు దూసుకున్నాయి గానీ, వీణ మాత్రం అటూ ఇటూ తిరుగుతూనే ఉంది.

అయ్యకోనేరు గట్టు:
కోటగుమ్మం గారూ, కళాశాల లేకపోతే మా అరుగు మీద వర్ణం లేదన్న మాట ఒప్పుకున్నాను. నా మొదటి పోస్టులో ఆ సంగతి తక్కువ చేసి రాశాను. అయినా సభలో విన్న ఆ వాక్యం నాకింకా మింగుడు పడదు. కళాశాలలో గాత్రం పంతులు పట్రాయని సీతారామశాస్త్రి గారు ఘంటసాలని చేరదీసి సొంత బిడ్డకి చెప్పినట్టు పాఠం చెప్పారు. జీతం తరగతిలో గంటకే గదా, ఆ మిగతాదంతా ఏ ఖాతాలో రాస్తాం?

వాదన ఇక్కడ ఆపి ఒక పని మొదలుపెడుతున్నాను. వారాలు పెట్టిన ఇళ్ళ జాబితా రాస్తున్నాను. మూడు లాంతర్లు, గంటస్తంభం, కోట చుట్టూ వీధులు ముందు తిరుగుతాను. మా నాయనమ్మ చెప్పినవి నాలుగిళ్ళున్నాయి, అందులో రెండు ఇప్పుడు అపార్ట్‌మెంట్లు. మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఈ ఆదివారమే అడగండి. ఏ వీధి, ఏ వారం, ఆ పిల్లవాడు ఏం పాడేవాడు.

గజ్జెల మూట గారూ, మీకు అభ్యంతరం లేకపోతే మొదటి పేజీలో మీ అమ్మమ్మ గారి పేరు రాయాలని ఉంది. ఇక్కడ చెప్పనక్కర్లేదు. నేనే వచ్చి మీ దగ్గర రాసుకుంటాను.