యుద్ధకాలపు ఫైటర్ విమానాల ఇంజన్‌ను చేత్తో తిప్పి ఎలా స్టార్ట్ చేయగలిగేవారు?

కొరిటెపాడు విద్యార్థి:

గుంటూరులో మెకానికల్ ఇంజనీరింగ్ చదువుతున్నాను. రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ ఫైటర్ మెసర్‌ష్మిట్ బీఎఫ్ 109ను స్టార్ట్ చేస్తున్న పాత దృశ్యాలు చూశాను. మెకానిక్‌లు ఇద్దరు ఇంజన్ కుడి పక్కన పొడవాటి హ్యాండిల్ దూర్చి, మొదట బరువుగా, తర్వాత వేగంగా తిప్పుతున్నారు. వాళ్లు తిప్పుతున్నంతసేపూ ప్రొపెల్లర్ కదలలేదు. ఆ తర్వాత ఒక్కసారిగా తిరిగి ఇంజన్ అందుకుంది. అందులోని డీబీ 605 ఇంజన్ 12 సిలిండర్లది, దాదాపు 35.7 లీటర్లది. అంతటి ఇంజన్‌ను ఇద్దరు మనుషుల బలం ఎలా తిప్పగలిగింది? విమానంలో 24 వోల్టుల విద్యుత్ వ్యవస్థ ఉండగా చేతులతో పనేమిటి? దయచేసి తెలిసినవారు వివరించగలరు.

ఆటోనగర్ పాతమనిషి:

బాబూ, నేను విజయవాడ ఆటోనగర్‌లో 30 ఏళ్లకు పైగా లారీల సెల్ఫ్ మోటార్లు, డైనమోలు బాగుచేశాను. నీ ప్రశ్నకు సమాధానం మన పొలాల్లోనే ఉంది. దుగ్గిరాల దగ్గర మా పసుపు చేలో నీళ్లు తోడే ఆయిల్ ఇంజన్‌ను మా నాన్నగారు ఎలా స్టార్ట్ చేసేవారో చెబుతాను. ముందు పైనున్న చిన్న లివర్‌ను ఎత్తేవారు. దాంతో వాల్వు తెరుచుకుని సిలిండర్‌లో గాలి ఒత్తుకోదు కనుక హ్యాండిల్ తేలిగ్గా తిరిగేది. పక్కనున్న బరువైన చక్రం బాగా వేగం అందుకున్నాక లివర్ వదిలేసేవారు. అప్పుడు గాలిని ఒత్తే పని ఆయన చేతులది కాదు, అప్పటిదాకా చక్రంలో కూడబెట్టిన వేగానిది. లివర్ ఎత్తకుండా నేరుగా తిప్పబోతే, గాలి ఒత్తుకునే చోటికి వచ్చేసరికి బలశాలికైనా ఆ హ్యాండిల్ తిప్పడం చాలా కష్టం.

నువ్వు చూసిన దృశ్యంలో జరిగిందీ అదే. ఆ హ్యాండిల్ ఇంజన్‌ను తిప్పదు. లోపల ఒక చిన్న ఫ్లైవీల్‌ను, అంటే మా ఆయిల్ ఇంజన్‌కు ఉన్నలాంటి బరువైన చక్రాన్ని, పళ్లచక్రాల ద్వారా నిమిషానికి వేల చుట్ల వేగానికి తెస్తుంది. చాలినంత వేగం వచ్చాక పైలట్ తన దగ్గరున్న పిడిని లాగితే క్లచ్ పడి, ఆ ఫ్లైవీల్ ఇంజన్ ప్రధాన ఇరుసైన క్రాంక్‌షాఫ్ట్‌తో కలుస్తుంది. అందుకే అంతవరకూ ప్రొపెల్లర్ కదలదు. ఆ క్లచ్ బిళ్లలు మితిమీరిన బలం వస్తే కొంత జారేలా అమర్చి ఉంటాయి. లేకపోతే ఒక్క కుదుపుకే పళ్లు ఊడిపోతాయి. దీన్ని ఇనర్షియా స్టార్టర్ అంటారు. జపాన్ జీరో ఫైటర్‌నూ మెకానిక్ హ్యాండిల్ తిప్పి ఇలాగే స్టార్ట్ చేసేవాడు.

బెంజి సర్కిల్ వాసి:

పెద్దవారు చెప్పినదానికి లెక్క జోడిస్తాను. ఒక్కో మనిషి 200 వాట్ల చొప్పున ఇద్దరూ 20 సెకన్లు తిప్పారనుకుందాం. మొత్తం 8,000 జౌళ్లు. ఘర్షణను పక్కనపెట్టి, ఆ శక్తినంతా ఇంజన్ 2 సెకన్లలో తీసుకుంటే అది 4,000 వాట్లు, అంటే 5 హార్స్‌పవర్ పైమాటే. మనిషి ఇవ్వగలిగింది కొంచెమే అయినా, కూడబెట్టి ఒక్కసారి ఖర్చు చేస్తే పని జరుగుతుంది. శక్తి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక ఫ్లైవీల్ చిన్నదైనా సరిపోతుంది.

ఇక బ్యాటరీ సంగతి. నా దృష్టిలో ఇది అసలు విద్యుత్ ప్రశ్న కాదు, బరువు ప్రశ్న. స్టార్టర్ మోటార్ పనిచేసేది కొన్ని సెకన్లే, కానీ దానికి చాలినంత పెద్ద సీసపు బ్యాటరీని పెడితే విమానం యుద్ధమంతా దాన్ని మోయాలి. కాబట్టి ఆ శక్తిని నేల మీదే ఉంచడం మేలని చాలామంది డిజైనర్లు తలచారు. 1940లో బ్రిటన్ మీద జరిగిన గగన యుద్ధంలో బ్రిటిష్ ఫైటర్లైన స్పిట్‌ఫైర్‌ల పక్కన చక్రాల బండి మీద బ్యాటరీలు ఉంచి, కేబుల్ తగిలించి సిద్ధంగా ఉండేవారు. ఇంజన్ అందుకోగానే మెకానిక్ కేబుల్ పీకి బండిని పక్కకు లాగేవాడు. ముందే స్టార్ట్ చేసి ఉంచడానికీ వీల్లేదు. చక్రాల కాలు దించి ఉన్నప్పుడు రెక్క కింది రేడియేటర్‌కు గాలి అడ్డుపడి, నేల మీద ఎక్కువసేపు తిరిగితే ఇంజన్ వేడెక్కిపోయేది. అందువల్ల పిలుపు వచ్చిన క్షణంలో మొదటి ప్రయత్నంలోనే అందుకోవాలి. ఆ బండి బాధ్యత ఎంతటిదో ఊహించండి.

12 వోల్టుల బదులు 24 వోల్టులు ఎందుకో కూడా ఇక్కడే తెలుస్తుంది. 2,400 వాట్లకు 12 వోల్టుల దగ్గర 200 ఆంపియర్లు కావాలి, 24 దగ్గర 100 చాలు. అదే తీగలో వేడిగా పోయే నష్టం నాలుగో వంతుకు తగ్గుతుంది. అంటే సన్నని తీగ వాడవచ్చు, రాగి బరువు మిగులుతుంది.

తెనాలి పాఠకుడు:

చిన్న సవరణ. స్పిట్‌ఫైర్‌లన్నీ బ్యాటరీ బండి మీద ఆధారపడలేదు. మార్క్ 2 అనే రకంలో అమర్చిన మెర్లిన్ 12 ఇంజన్‌కు కాఫ్మన్ స్టార్టర్ ఉండేది. తుపాకీ తూటా లాంటి కార్ట్రిడ్జ్ పేలితే ఆ వాయువు పిస్టన్‌ను నెడుతుంది, మెలి గాడుల వల్ల ఆ నెట్టుడు చుట్టు తిరుగుడుగా మారుతుంది. ఇంజన్ మూతకు కుడివైపు, ప్రొపెల్లర్ వెనకనే కనిపించే చిన్న ఉబ్బు దానిదే. సోవియట్ యాక్ ఫైటర్‌లలో ఒత్తిడిలో ఉన్న గాలిని సిలిండర్లలోకి వంతులవారీగా పంపి తిప్పేవారు. కొన్ని విమానాలకు లారీ మీద అమర్చిన షాఫ్ట్‌ను ప్రొపెల్లర్ మధ్యభాగానికి తగిలించేవారు.

కొరిటెపాడు విద్యార్థి:

అందరికీ ధన్యవాదాలండీ. ఇంకొక్క సందేహం. యుద్ధం మధ్యలో తూటా తగిలి జనరేటర్ పాడైతే, బ్యాటరీ కూడా అయిపోతే, ఇంజన్ ఆగిపోతుందా?

ఆటోనగర్ పాతమనిషి:

ఆగదు బాబూ. స్పార్క్ ఇచ్చేది బ్యాటరీ కాదు, మాగ్నెటో. ఇంజన్ తిరుగుతున్నంతసేపూ అది తన అయస్కాంతంతో తానే కరెంటు పుట్టించుకుంటుంది. బ్యాటరీ లేని పాత స్కూటర్లు కిక్ కొడితే నడిచింది ఈ సూత్రం మీదే. పైగా సిలిండర్‌కు రెండు ప్లగ్గులు, వాటికి రెండు వేరువేరు మాగ్నెటోలు. జనరేటర్ పోతే రేడియో మూగబోతుంది, గురి చూసే గన్‌సైట్ దీపం ఆరిపోతుంది, జర్మన్ ఫైటర్ ఫోకె వుల్ఫ్ 190 లాంటి విమానంలోనైతే చక్రాలు, ఫ్లాపులు దించే మోటార్లకు కూడా ఇబ్బంది. ఇంజన్ మాత్రం నడుస్తూనే ఉంటుంది.

మాగ్నెటోకు ఒకటే లోపం: నెమ్మదిగా తిరిగినప్పుడు స్పార్క్ బలంగా రాదు. కాబట్టి స్టార్టింగ్ సమయంలో మాత్రం స్పార్క్‌ను బలపరిచే, బ్యాటరీతో నడిచే బూస్టర్ కాయిల్ తోడు కావాలి. స్పిట్‌ఫైర్ పైలట్ ముందు రెండు బటన్లు పక్కపక్కనే ఉండేవి, ఒకటి స్టార్టర్‌ది, రెండోది ఈ కాయిల్‌ది. ఇంజన్ అందుకుని నిలకడగా తిరగడం మొదలయ్యాక రెంటి నుంచీ వేళ్లు తీసేవాడు.