స్ట్రాబెర్రీ పిల్ల మొక్కలను హైదరాబాద్ ఎండల్లో ఎలా నిలబెట్టాలి?

మేడమీద 8 అంగుళాల కుండీల్లో వింటర్ డాన్ రకం స్ట్రాబెర్రీ మొక్కలున్నాయి. కాపు అయిపోయింది, ఎండ ముదిరేకొద్దీ రన్నర్లు (పిల్ల మొక్కలు పుట్టే తీగలు) తెగ సాగుతున్నాయి. తల్లి మొక్కకు రెండే ఉంచి మిగతావి కత్తిరిస్తున్నా. ఒక్కో తీగకు మొదటి పిల్లను మాత్రమే ఉంచి, కొస తుంచేసి, కోకోపీట్ (కొబ్బరి పొట్టు), వర్మీకంపోస్ట్ సగం సగం కలిపిన కప్పులో వంచిన వైరు ముక్కతో ఆనించాను. మొవ్వు మట్టిలో కూరుకుంటే కుళ్లుతుంది కాబట్టి పైకే ఉంచాను. అయినా తెల్లటి వేళ్లు అరంగుళం రాగానే కొసలు గోధుమరంగుకు తిరిగి ఆగిపోతున్నాయి. గచ్చు వేడికి చిన్న కప్పు కాగిపోవడమే కారణమనిపిస్తోంది, తల్లి కుండీలోనే ఆనించిన పిల్ల మాత్రం చక్కగా ఉంది మరి.

ఎండను 50 శాతం ఆపే షేడ్ నెట్ సరిపోతుందా, 75 కావాలా? వేరు పట్టినవాటిని మే లోపే విడదీయాలా, వానలు పడేదాకా తల్లికే ఉంచాలా? ఇక్కడి ఎండల్లో పెంచినవాళ్లు దయచేసి చెప్పండి.