పదేళ్లు దాటిన జీఎల్ 350 డీజిల్: తొమ్మిది లక్షలకు కొనవచ్చునా?

మున్నేటిగట్టు:
అందరికీ నమస్కారం. మాది ఖమ్మం, ఇంట్లో ఏడుగురం. ఢిల్లీ నుంచి హైదరాబాదుకు వచ్చిన 2011 నాటి మెర్సిడెస్ జీఎల్ 350 సీడీఐ ఒకటి తొమ్మిది లక్షలకు ఇస్తామంటున్నారు. మీటరు 1,28,000 కిలోమీటర్లు చూపిస్తోంది. ఈ డబ్బుకు కొత్తది కొనాలంటే చిన్న కారే వస్తుంది కనుక మనసు దీని మీదికే పోతోంది. మా బావగారు మాత్రం ఏనుగును కొనడం కాదు, మేపడం చూసుకోమంటున్నారు. ఈ బండ్లలో సాధారణంగా ఏవి పాడవుతాయో, వాటికి ఎంత అవుతుందో, కొనేముందు ఏం చూడాలో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

పానా_పట్టినవాడు:
హైదరాబాదులో ఇరవై ఏళ్లుగా జర్మన్ బండ్ల పనే చేస్తున్నాను. ఈ మోడల్‌లో ఉన్నది 2,987 సీసీల వీ6 డీజిల్ ఇంజను. నూనె సమయానికి మారిస్తే చాలాకాలం నడిచే గట్టి ఇంజనే. అయితే దాని ఆయిల్ కూలర్‌ను రెండు వరుసల సిలిండర్ల మధ్య లోయలో, ఇంజనులోకి గాలిని ఒత్తి పంపే టర్బో కింద బిగించారు. అక్కడి వేడికి కూలర్ అడుగున ఉండే రబ్బరు సీళ్లు ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడి నూనెను వదులుతాయి. ఆ నూనె లోయలో నిండి, ఇంజను వెనక నుంచి గేర్‌బాక్సు అతుకు దగ్గరికి జారుతుంది కనుక, చూసినవాళ్లు ఇంజను ఇరుసు (క్రాంక్) వెనక సీలు పోయిందని పొరబడి గేర్‌బాక్సు దింపిస్తారు. అసలు సీళ్లు నాలుగైదు వేలకు మించవు. వాటిని చేరాలంటే టర్బో, ఇన్‌టేక్ గొట్టాలు అన్నీ విప్పాలి కనుక మా షెడ్డులో మొత్తం 45,000 దాకా అవుతుంది. మొదట్లో వచ్చినవి నారింజ రంగు సీళ్లు, వేడికి బాగా తట్టుకునే ఊదా రంగువి తరువాత వచ్చాయి. ఇదివరకే మార్చారంటే ఏ రంగువి వేశారో బిల్లు చూపించమనండి.

అదే చోట మరొక చిన్న రోత ఉంది. టర్బోలోకి గాలి వెళ్లే గొట్టం సీలు చెమ్మగిల్లితే, నూనె బొట్లు సరిగ్గా కింద ఉన్న స్విర్ల్ మోటారు (ఇంజనులోకి వెళ్లే గాలిని సుడి తిప్పే రెక్కలను కదిపేది) మీద పడతాయి. మోటారు పాడైతే బండి తనను తాను కాపాడుకోవడానికి శక్తి తగ్గించుకునే లింప్ మోడ్‌లోకి వెళ్లి, ఎంత తొక్కినా కదలనన్నట్టు నడుస్తుంది. సీలు వందల్లో, మోటారు పని పాతిక వేల పైన. నూనె మార్పిడికి ఎనిమిది లీటర్లకు పైగా పడుతుందని, అది మెర్సిడెస్ 229.51 ప్రమాణానిదే కావాలని మరచిపోకండి. ఇంటర్నెట్‌లో భాగాలు తెప్పించేవారు ఛాసిస్ నంబరు ఇవ్వకుండా తెప్పిస్తే సగంసార్లు తిప్పి పంపవలసి వస్తుంది.

బెజవాడ_ప్రయాణి:
నాది వేరే కంపెనీది, పేరు అవసరం లేదు, కాని దానిదీ గాలి మీద నిలిచే సస్పెన్షనే. జీఎల్‌లో ఇది అన్ని బండ్లకూ వస్తుంది కనుక చెబుతున్నాను. ముందు చక్రం మీద బండి బరువు మోసే స్ట్రట్ రబ్బరు మడతల్లో సన్నని పగులు వస్తే గాలి మెల్లగా పోతుంది, ఆ లోటు పూడ్చడానికి కంప్రెసర్ పదేపదే తిరిగి, చివరకు అదీ కాలిపోతుంది. నేను స్ట్రట్‌ను ఏడాది వాయిదా వేసినందుకు 40,000 రూపాయల రీబిల్డ్ పని, కంప్రెసర్‌తో కలిపి 95,000 అయింది. కొత్త ఒరిజినల్ స్ట్రట్ ఒక్కటే లక్ష దాటుతుందని అప్పుడే తెలిసింది. మీరు బండిని రాత్రి సమతలంగా ఉన్న చోట ఆపించి, మడ్‌గార్డు అంచు నుంచి చక్రం మధ్యకు నాలుగు వైపులా టేపుతో కొలవండి. తెల్లవారి స్టార్ట్ చేయకముందే మళ్లీ కొలవండి. అమ్మేవారు ముందుగానే స్టార్ట్ చేసి ఉంచితే అది కూడా ఒక సమాధానమే.

కాగితాల_పిచ్చి:
ఇంజను కంటే ముందు కాగితాలు చూడండి. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు ఢిల్లీలో తిరగరాదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో ఆదేశించింది, 2018లో సుప్రీంకోర్టు దానిని నిలబెట్టింది. మన ఊళ్లకు ఇవి ఇంత చవకగా రావడం మొదలైంది ప్రధానంగా అందువల్లే. అక్కడి రవాణా శాఖ ఇచ్చే, అభ్యంతరం లేదనే పత్రం (ఎన్‌ఓసీ), అప్పు ఉంటే బ్యాంకు నుంచి అది తీరిన పత్రం లేకుండా ఒక్క రూపాయి ఇవ్వకండి. ఇక్కడ లైఫ్ ట్యాక్సును మీరు కొన్న తొమ్మిది లక్షల మీద కాక, అది కొత్తగా ఉన్నప్పటి ధర మీద, వయసును బట్టి శాతం తగ్గించి లెక్కిస్తారు. పైగా రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకే చెల్లుతుంది. ఇది 2011 బండి కనుక 2026లో ఫిట్‌నెస్ చేయించి ఆర్‌సీ పునరుద్ధరించుకోవాలి.

మున్నేటిగట్టు:
అందరికీ కృతజ్ఞతలు. శనివారం రాత్రి కొలిచి, ఆదివారం ఉదయం ఆరింటికి మళ్లీ కొలిచాను. మూడు వైపులా తేడా లేదు, ముందు ఎడమ వైపు 38 మిల్లీమీటర్లు దిగింది. గేర్‌బాక్సు అతుకు కింద అట్టముక్క పెట్టి ఉంచితే దాని మీద రూపాయి బిళ్లంత నల్లని మరక పడింది. స్ట్రట్, కూలర్ సీళ్లు, ట్యాక్సు కలిపి లెక్క వేసి ఏడు లక్షలకు అడిగాను. ఎనిమిదిన్నరకు దిగి అక్కడే ఆగారు. అడ్వాన్సు ఇవ్వకుండా వచ్చేశాను. ఆ డబ్బుకే బావగారు పాత ఇన్నోవా ఒకటి చూశారట, బుధవారం వెళ్తున్నాం, టేపు తీసుకుని.