'ఫర్‌స్వంక్, ఫర్‌స్వాట్': రెండోది చెమటా, ఎండా?

నాలుగు రోజులుగా ఒక పాదం వదలడం లేదు. పదహారో శతాబ్దపు ఇంగ్లీషు కవి స్పెన్సర్ రాసిన గొల్లపాటల కావ్యం 'షెపర్డ్స్ క్యాలెండర్', ఏప్రిల్ భాగం. ఎలీజాను, అంటే ఎలిజబెత్ రాణిని పొగిడే పాటలో గొల్లవాడు తన గురించి "ఫర్‌స్వంక్ అండ్ ఫర్‌స్వాట్" అంటాడు. మొదటిది చాకిరీతో ఒళ్లు హూనమైన అలసట. రెండోదాని పక్కన నా పుస్తకంలో 'ఎండకు కమిలి' అని పెన్సిల్‌తో రాసుంది. అది ఎక్కడిది?

—

ఇ.కె. అన్న పొడి అక్షరాలతో ఆ కావ్యానికి అర్థాలు రాసినాయన వ్యాఖ్యండీ, 1579 తొలి ముద్రణలోనే ఉంది. కానీ 'స్వాట్' అంటే చెమటే, 'స్వెట్'కి చుట్టం. ఇ.కె. మాటను వదిలేసి మనిషిని చూసి అర్థం రాశాడు.

—

చెమట దగ్గర పేచీ లేదు. అసలు పట్టుకోవాల్సింది 'ఫర్'. 'స్వింక్' అంటే కష్టపడటం. 'ఫర్' చేరాక ఆ కష్టం మనిషిని తినేస్తుంది. 'ఫర్లార్న్' (దిక్కులేని) అన్న మాటలోనూ ఇదే బలం. మన 'పరిశ్రాంత'లో 'పరి' చేసేదీ ఇదే.

—

మాస్టారూ, 'పరి'తో అంత తొందరగా వియ్యం వద్దు. అదే 'శ్రాంతి'కి 'వి' చేరితే అలసట తీరుతుంది. 'ఫర్‌గివ్' (క్షమించు)లో 'ఫర్' ఎవరిని తింటోంది?

—

ఈ జంట స్పెన్సర్ సొంతం కాదు. 'ప్లౌమన్స్ టేల్' అనే పాత ఇంగ్లీషు పద్యకథలో ముందే ఉంది. అప్పట్లో దాన్ని స్పెన్సర్‌కు ముందుతరాల కవి చాసర్‌దిగా అచ్చేశారు, ఆయనది కాదు. చాసర్ మాటే అనుకుని స్పెన్సర్ తీసుకున్నాడని నా నమ్మకం. నాగలి పట్టినవాడి చెమట గొల్లవాడి ఒంటి మీదికి వచ్చింది. ఇ.కె.కి ఎండ కనిపించడం అందుకే.

—

నాకు పోతన గజేంద్రుడు గుర్తొచ్చాడు. "తనువున్ డస్సెన్, శ్రమంబయ్యెడిన్". డస్సడం ఒకటి, శ్రమ ఒకటి, రెండూ కావాలి ఆయనకు. మా అమ్మమ్మ నాట్లు వేసి వచ్చి 'డస్సిపోయానే' అంటూ అరుగు మీద కూలబడేది. నడుముకు చుట్టిన కొంగు విప్పితే తెల్లగా ఉప్పు చారలు. ఆ మాటలో చెమటా ఉంది, ఎండా ఉంది. ఇ.కె.ని తప్పు పట్టలేను.

—

పెన్సిల్ మాట చెరపలేదు, పక్కన 'చెమట' అని చేర్చాను. మాస్టారూ, ఇంకోటి చూడండి. స్పెన్సర్‌దే 'ఫేరీ క్వీన్' కావ్యంలో రాకుమారుడు ఆర్థర్ ఆటలతో 'ఫర్‌వియరీడ్' (బాగా అలసి) అయి గుర్రం దిగుతాడు. అక్కడా 'ఫర్' ఉంది. స్వింక్ మాత్రం లేదు. రాకుమారుడికి ఆ మాట ఇవ్వడానికి స్పెన్సర్‌కు చెయ్యి రాలేదంటారా?