అప్‌డేట్: వంటింటి సాకెట్లన్నీ ఒకే సర్క్యూట్ మీద వేయొచ్చా?

వంటింటి సాకెట్లన్నిటికీ ఒకే 16 ఆంపియర్ల ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే కరెంటు ఆపేసే స్విచ్) చాలదా అని అడిగింది నేనే. చాలదని మీరంటే మొదట నమ్మలేదు. పరికరాల వెనక స్టిక్కర్లు చూసి లెక్కేశా: కెటిల్ 2000 వాట్లు, ఇండక్షన్ పొయ్యి 2000, మైక్రోవేవ్ 1200. అన్నీ కలిపి వాడితే 230 వోల్టుల మీద దాదాపు 23 ఆంపియర్లు!

మెయిన్ ఆపి పాత బోర్డు విప్పించాం. ఒక స్క్రూ దగ్గర వైరు తొడుగు గోధుమరంగుకి మారింది, ఎలక్ట్రీషియన్ వేలు తగలగానే పొడిపొడిగా రాలింది. అది చూశాక ఇంట్లో వాదన ఆగిపోయింది.

ఇప్పుడు వంటింటికి రెండు సర్క్యూట్లు, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు. వాషింగ్ మెషీన్‌కి వేరే లైను. ఫ్రిజ్‌కి విడిగా 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్) పెట్టించాం, ఇంకెక్కడో ట్రిప్పయితే అది ఆగకూడదని. మిక్సీ సాకెట్ చోటు మీద మాత్రం అమ్మ ఇంకా తేల్చలేదు, గోడ మీద మూడు పెన్సిల్ గుర్తులున్నాయి.