వడ్ల తేమ 20 వస్తే క్వింటాలుకు ఎంత తరుగు తీయాలి?

మానేరు_రైతు: కొనుగోలు కేంద్రంలో తేమ 20 శాతం వచ్చిందని క్వింటాలుకు 4 కిలోల తరుగు అంటున్నారు. 17 దాకా తీసుకోవాలని రూలు. 20లో 17 పోతే 3. ఇంకో కిలో ఎందుకు?

లెక్కల_మాస్టారు: అలా తీసివేయకూడదండీ. తేమ శాతం మొత్తం బరువు మీద కడతారు. 100 కిలోల్లో 20 నీళ్లు, 80 ఎండు గింజ. ఆ 80 మారదు, ఎండాక అది 83 శాతం అవ్వాలి. 80ని 0.83తో భాగిస్తే 96.4. తగ్గేది 3.6 కిలోలు.

మానేరు_రైతు: మీరు అర కిలో దగ్గరే ఆగిపోయారు. పోయిన యాసంగిలో పొద్దున మంచు మీద చూసి 19 అన్నారు, మధ్యాహ్నం అదే కుప్ప 16 చూపించింది. దేన్ని నమ్మాలి?

లెక్కల_మాస్టారు: రెండూ నిజమే కావచ్చు, పైపొర తొందరగా ఆరుతుంది. పైగా మిషన్ నీళ్లను నేరుగా కొలవదు, గింజల విద్యుత్ గుణాన్ని చూసి తేమ అంకె ఇస్తుంది. గింజ వేడిగా ఉన్నా, సెట్టింగులో పంట మారినా తేడా వస్తుంది. గట్టిగా తేల్చాలంటే ఓవెన్‌లో ఎండబెట్టి, ముందూ వెనకా తూచాలి. 3 మాత్రం తప్పు.

డెల్టా_దాళ్వా: మా వైపూ ఇంతే. కేంద్రంలో ఒక అంకె, మిల్లులో ఇంకొకటి.

మిల్లు_నడిపేవాణ్ణి: క్వింటాలు ధాన్యానికి మేం సర్కారుకు 67 కిలోల పచ్చి బియ్యం (ఉప్పుడు బియ్యం కాదు) అప్పజెప్పాలి. తడి ధాన్యం దించుకుంటే అంత బియ్యం ఎక్కడి నుంచి తేవాలి?

మానేరు_రైతు: 16 చూపించాక కూడా తరుగు కోశారు సార్! అది ఏ నీళ్లకు? ఒకసారి తాలు అన్నారు, ఒకసారి సంచి బరువు అన్నారు, చీటీ మీద ఒక్క ముక్క రాయలేదు.

మిల్లు_నడిపేవాణ్ణి: కొత్త గోనె సంచే 580 గ్రాములు ఉంటుంది. అది తీసేయాలి కదా.

మానేరు_రైతు: తీయండి. 40 కిలోల వడ్లకు కాటా మీద 40.6 పెట్టండి, 42 ఎందుకు? మీ మిల్లు దగ్గర లారీ దించేటప్పుడు మళ్లీ తేమ చూస్తారు, అక్కడ మేం ఉండం, సాయంత్రం ఫోన్ చేసి ఇన్ని సంచులు కోత పడ్డాయంటారు. నా ముందు చూసి ఆ అంకె రసీదు మీద రాయండి, 3.6 అన్నా ఒప్పుకుంటా.

మిల్లు_నడిపేవాణ్ణి: ప్రతి రైతూ గేటు లోపలికొస్తే లారీ లారీకీ గొడవే, హమాలీలు ఖాళీగా కూర్చోవాలి.

మానేరు_రైతు: మా వడ్లను కొలిచేటప్పుడు మేం చూడకూడదంటే ఎట్లా?

లెక్కల_మాస్టారు: ఈ మాటకు నేను రైతు వైపే. కేంద్రంలోనే కుప్ప లోపలి నుంచి నాలుగైదు చోట్ల గింజ తీసి, గాలి తగలకుండా సీలు వేసి, ఒక పొట్లం రైతుకు, ఒకటి లారీతో పంపాలి. తేడా వస్తే ఆ పొట్లాన్నే పరీక్షించాలి.

మిల్లు_నడిపేవాణ్ణి: సీలుకు నాకు అభ్యంతరం లేదు. మరి పరీక్ష తేలేదాకా లారీ వెయిటింగ్ ఎవరు కడతారు?