వైఫై బిల్లు అనొచ్చా? వైఫైకి తెలుగు ఏది?

ప్రశ్న: మా ఇంట్లో "వైఫై పెట్టించాం", "వైఫై బిల్లు కట్టావా" అనే అంటాం. మా అన్నయ్య కొడుకు నెట్ బిల్లు అనాలని ప్రతిసారీ దిద్దుతున్నాడు. నిజంగా తప్పేనా? పనిలో పని, వైఫై అంటే వైర్‌లెస్ ఫిడెలిటీ కదా, "నిస్తంత్రీ విశ్వసనీయత" అని రాయొచ్చా?

జవాబు: రెండోది ముందు చెప్తా. దయచేసి రాయకండి. వైఫై దేనికీ పొట్టి రూపం కాదు. దగ్గర్లో ఉన్న కంప్యూటర్లను తీగ లేకుండా కలిపే ప్రమాణాన్ని ఐఈఈఈ అనే ఇంజనీర్ల సంఘం 1997లో తెచ్చింది, దాని పేరు 802.11. ఆ అంకెలు చెప్పి సరుకు అమ్మడం ఎవరి తరం? అందుకే 1999లో తయారీ కంపెనీల సంఘం ఇంటర్‌బ్రాండ్ అనే సంస్థకు పేరు పెట్టే పని అప్పజెప్పింది. హైఫై (నాణ్యమైన పాటల యంత్రాలకు వాడే పేరు) అప్పటికే జనం నోట నలిగిన మాట, దానికి ప్రాసగా వైఫై కుదిరింది. వైర్‌లెస్ ఫిడెలిటీ అన్నది తర్వాత ప్రచార వాక్యంలో తగిలించి, కొన్నాళ్లకు వదిలేసిన ముక్క. దాన్ని అనువదిస్తే లేని అర్థాన్ని తెలుగులోకి తెచ్చుకున్నట్టే. నిస్తంత్రి మాత్రం వైర్‌లెస్‌కి మంచి మాటే, కాదనను.

ఇక బిల్లు సంగతి. మాటల్లో తప్పేమీ లేదు, కంటికి కనిపించేది ఫోన్ పైనున్న విసనకర్ర గుర్తు, జనం దాని పేరే పట్టుకున్నారు. చిక్కల్లా అది పాడైనప్పుడే. వైఫై అంటే మీ ఫోనుకీ గోడకున్న రౌటర్‌కీ మధ్య నడిచే రేడియో, అంతే, దాని పని ఇంటివరకే. ఊళ్లోంచి నెట్ మోసుకొచ్చేది ఫైబర్, అంటే వెలుతురు మోసే సన్నని గాజు తీగ. విసనకర్ర నిండుగా ఉండి వీడియో మాత్రం గిర్రున తిరుగుతోందా, బ్రౌజర్లో 192.168.1.1 కొట్టండి (మీ రౌటర్‌కి వేరే నంబరైతే దాని అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది). రౌటర్ పేజీ చటుక్కున తెరుచుకుంటే చాలావరకు వైఫై బాగున్నట్టే, తేడా బయట ఉండొచ్చు. ఫైబర్ డబ్బా మీద ఎల్ఓఎస్ అనే ఎర్ర లైటు వెలుగుతుంటే ఇక టెన్షన్ పడి రౌటర్ ఆపి ఆన్ చేయనక్కర్లేదు, వెలుతురు డబ్బాదాకా రావట్లేదన్నమాట, లైన్‌మ్యాన్ రావాల్సిందే. అప్పుడు ఫోన్ చేసి "వైఫై రావట్లేదు" అంటే అవతలివాడు పాస్‌వర్డ్ మార్చమంటాడు, "నెట్ రావట్లేదు, ఎర్ర లైటు ఉంది" అంటే సగం పని అయిపోతుంది.

ఇంకొకరు: మా వెనక గదిలో విసనకర్ర ఒక్క గీతే ఉంటుంది. దాన్ని ఏమనాలి మరి?

జవాబు: "అందట్లేదు" అనండి, మన దగ్గర ఉన్న మాటే. రౌటర్ రెండు పేర్లు చూపిస్తుంటే చివర 5జీ అని ఉన్నది వదిలి రెండోది పట్టుకుని చూడండి. ఆ 5జీ సిమ్ములోది కాదు, 5 గిగాహెర్ట్జ్ అని, అంటే వైఫై వాడే రేడియో తరంగం కొలత. దానికి వేగం ఎక్కువ, గోడలు దాటే ఓపిక తక్కువ. 2.4 గిగాహెర్ట్జ్ గోడల్ని కొంచెం మేలుగా దాటుతుంది గానీ అపార్ట్‌మెంట్లో అక్కడ తొక్కిసలాట: ఒకదాని మీద ఒకటి పడని చానళ్లు (రేడియో దారులు) మామూలుగా 1, 6, 11 మూడే, పక్కిళ్ల రౌటర్లన్నీ వాటి మీదే. ఒకే చానల్లో ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి, అది ప్రమాణంలోనే ఉన్న నియమం. అందుకే సిగ్నల్ నిండుగా ఉన్నా రాత్రి తొమ్మిదింటికి నత్తనడక. మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఆ పక్కనే, 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది, అది నడుస్తున్నప్పుడూ వైఫై తడబడొచ్చు.

మరొకరు: పాస్‌వర్డ్ తప్పయితే "కలవట్లేదు" అనొచ్చా?

జవాబు: ఫోన్ కలవట్లేదు అంటున్నాం కదా, ఇదీ అనొచ్చు. నేనైతే కనెక్ట్ అవ్వట్లేదనే అంటాను, అవతలివాడు మళ్లీ అడగడు.